226ని 8తో భాగిస్తే వచ్చేది దేని రెసిస్టెన్సు?

విజయనగరం జిల్లా గరివిడి పక్క పల్లె నుంచి వచ్చిన ప్రశ్న ఇది. ఇంటి మీటరు నుంచి పెరటి తోటలో బోరు దాకా 120 మీటర్లు 2.5 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం వైరు లాగారు. బోరులో 160 అడుగుల లోతున ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారు ఉంది. మోటారు తిరుగుతుండగా మీటరు దగ్గర 226 వోల్టులు, తోటలో స్టార్టరు పెట్టె దగ్గర 198 వోల్టులు, క్లాంప్ మీటరులో 8 ఆంపియర్లు చూపించాయి. ప్లేటు మీద 220 వోల్టులు, 7.5 ఆంపియర్లు, 0.75 కిలోవాట్ అని ఉంది. కరెంటు ఆపేసి స్టార్టరు పెట్టెలో మోటారు వైర్ల మధ్య ఓములు చూస్తే 3.8 వచ్చింది. "226ని 8తో భాగిస్తే 28 ఓములు, మల్టీమీటరేమో 3.8 అంటోంది. 226ని 8తో గుణిస్తే 1808 వాట్లు, ప్లేటు మీదేమో 750. సాయంత్రాలు స్విచ్చి వేస్తే గుంయ్‌మని ఆగిపోతోంది. మోటారు పోయింది, పైకి తీసి రీవైండింగ్ చేయించాలంటున్నాడు మెకానిక్కు. నిజమేనా?" అని అడిగారు.

ఇప్పుడే మోటారు పైకి తీయించకండి. మీరు తీసిన కొలతలన్నీ సరైనవే, ఒకదానికొకటి సరిపోతున్నాయి కూడా. తేడా వచ్చింది ఏ వోల్టుల్ని ఏ ఆంపియర్లతో జతకట్టారన్న దగ్గర.

వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే ఓములు వస్తాయని బడిలో ఒక్క ముక్కలో చెప్పేస్తారు. దాంతోపాటు చెప్పాల్సిన రెండో ముక్క చాలాసార్లు మిగిలిపోతుంది: ఏ వస్తువు రెసిస్టెన్సు కావాలో, ఆ వస్తువు రెండు కొసల మధ్య ఉన్న వోల్టులే తీసుకోవాలి. మీరు వాడిన 226 మీటరు దగ్గర ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్యది. ఆ రెండు పాయింట్ల మధ్య పోయే వైరుంది, తిరిగొచ్చే వైరుంది, దారిలో జాయింట్లున్నాయి, స్టార్టరు ఉంది, బోరులోకి దిగిన కేబులుంది, అన్నిటికీ చివర మోటారుంది. మీకు వచ్చిన 28 ఓములు వీటన్నిటినీ ఒక్క మూటగా కట్టిన లెక్క. అందులో వైరు ఎంత, మోటారు ఎంత అన్నది ఆ అంకె చెప్పదు.

మూట విప్పుదాం. మీటరు దగ్గర 226, స్టార్టరు దగ్గర 198. మధ్యలో పోయిన 28 వోల్టులు ఆ 120 మీటర్ల వైరు మీదే పడ్డాయి. దాని గుండా పోతున్నది 8 ఆంపియర్లు. 28 ÷ 8 = 3.5 ఓములు. ఇది వైరుదీ దాని జాయింట్లదీ రెసిస్టెన్సు.

ఇది ఉండాల్సినంతే ఉందా? 2.5 స్క్వేర్ అల్యూమినియం వైరుకి 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకి 12.1 ఓములు మించకూడదని ప్రమాణం. మీ దూరం 120 మీటర్లే అయినా కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి వైరు పొడవు 240 మీటర్లు. ఈ రెట్టింపు మర్చిపోవడం చాలామంది చేసే తప్పు. 0.24 × 12.1 = 2.9 ఓములు. మన ఎండకి వైరు 40 డిగ్రీల దగ్గరుందనుకుంటే, అల్యూమినియం రెసిస్టెన్సు డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది కాబట్టి 8 శాతం కలపండి: 3.14. అంటే వైరు బాగానే ఉన్నా 3.14 ఓములు ఉంటుంది. మీకు 3.5 వచ్చింది. మిగిలిన 0.36 జాయింట్లలో ఉంది.

కానీ ఆ 3.5 కూడా కొంచెం తక్కువ లెక్కే. మోటారులో కరెంటు వోల్టేజీ వెనకాల కాస్త ఆలస్యంగా నడుస్తుంది. అలాంటప్పుడు 226లోంచి 198 తీసేస్తే వచ్చే 28, వైరు మీద నిజంగా పడిన వోల్టుల కన్నా తక్కువ. ఆ ఆలస్యం ఎంతో చెప్పే అంకెని పవర్ ఫ్యాక్టర్ అంటారు, ఆలస్యం లేకపోతే అది 1. ఇక్కడ 0.9 అనుకుంటే వైరు అసలు రెసిస్టెన్సు 28 ÷ (8 × 0.9), అంటే 3.9 దాకా ఉంటుంది. పవర్ ఫ్యాక్టర్ ఊహించాల్సిన పని లేకుండా కొలిచే దారి ఒకటుంది: మోటారు బదులు వేడిచేసే వస్తువు పెట్టడం. వాటర్ హీటర్ రాడ్డులో, ఇస్త్రీ పెట్టెలో కరెంటూ వోల్టేజీ కలిసే నడుస్తాయి. అక్కడ మామూలు తీసివేత, భాగహారం కచ్చితంగా పనిచేస్తాయి.

ఇలా చేయండి. మోటారు ఆపేయండి. స్టార్టరు పెట్టెకి వచ్చే వైరుకి ఒక ప్లగ్గు సాకెట్టు కలిపి, 1500 వాట్ల రాడ్డుని ప్లాస్టిక్ బకెట్టు నీళ్లలో ముందే ముంచి, ఆ తరవాత స్విచ్చి వేయండి. రాడ్డు నడుస్తున్నంతసేపూ ఆ నీళ్లలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. మీటరు దగ్గర ఒకరు, తోటలో ఒకరు ఫోనులో మాట్లాడుకుంటూ ఒకేసారి రీడింగులు చదవండి. ఇంట్లో ఫ్రిజ్జు, మిక్సీ లాంటివి ఆ పది నిమిషాలు ఆపేయండి. మీటరు దగ్గర 226 ఉండగా తోటలో 203.5, క్లాంపులో 5.8 ఆంపియర్లు వచ్చాయనుకోండి: 22.5 ÷ 5.8 = 3.9 ఓములు. మూడుసార్లు స్విచ్చి వేసి ఆపి, మూడు జతల రీడింగులు తీయండి. పల్లెల్లో వోల్టేజి నిమిషానికో తీరుగా ఉంటుంది, ఒక్క జతని నమ్మకూడదు.

(ఈ నిలకడ లేని వోల్టేజి బాధ ఓమ్‌కీ తప్పలేదు. 1820లలో ఆయన ప్రయోగాలు మొదలుపెట్టినప్పటి బ్యాటరీలు కరెంటు తీస్తున్నకొద్దీ దిగిపోయేవి, కొలతలు కుదిరేవి కావు. తరవాత రాగి, బిస్మత్ కలిపిన జంటకి ఒక కొసని మంచులో, రెండో కొసని మరిగే నీళ్లలో పెట్టి స్థిరమైన వోల్టేజి తెచ్చుకున్నాడు. 1827లో ఆయన సూత్రం పుస్తకంగా అచ్చయింది.)

లోడు వేయకుండా తోటలో వోల్టేజి చూస్తే ఏమీ తెలియదు. మోటారు ఆగి ఉన్నప్పుడు అక్కడ కూడా 226 చూపిస్తుంది, "వైరు బాగానే ఉంది" అనిపిస్తుంది. కరెంటు సున్నా అయితే, సున్నాని ఎన్ని ఓములతో గుణించినా సున్నాయే. డిజిటల్ మీటరు తీసుకునే కరెంటు ఎంత తక్కువంటే, వైరు లోపల ఒక్క పోగు మీద వేలాడుతున్నా అది నిండు వోల్టేజి చూపించేస్తుంది. వైరు సంగతి తెలియాలంటే దాని మీద బరువు వేయాల్సిందే. అలాగే ఈ 3 ఓముల వైరుని మల్టీమీటరు ఓముల రేంజిలో కొలవాలని చూడకండి. ప్రోబు వైర్లకే 0.2 నుంచి 0.4 ఓములు ఉంటాయి, పైగా మీటరు పంపే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. 6 ఆంపియర్లు పంపి వోల్టులు కొలిచే పద్ధతి ముందు అది నిలవదు.

ఇప్పుడు జాయింట్ల సంగతి. మార్కెట్లో వైరు చుట్ట సాధారణంగా 90 మీటర్లు. మీ దూరం 120. ప్రత్యేకంగా పొడవు చుట్ట తెప్పించుకుంటే తప్ప ఫేజుకొకటి, న్యూట్రల్‌కొకటి మధ్యలో జాయింటు ఉండి తీరాలి. అవి ఎక్కడున్నాయో ముందు వెతకండి. ఆ 3.9లో వైరుది 3.14 పోను 0.76 ఓములు జాయింట్లలో ఉంటే అక్కడ ఎంత వేడి పుడుతుంది? ఆంపియర్లని ఆంపియర్లతో గుణించి ఓములతో గుణించాలి: 8 × 8 × 0.76 = దాదాపు 49 వాట్లు. రేడియో బాగుచేసేవాళ్లు టంకానికి వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే. టేపు కింద అలాంటివి రెండు రోజూ గంటల తరబడి కాలుతున్నాయన్నమాట. టేపు నల్లబడి గట్టిపడటం, కారిపోవడం చూస్తే అదే చోటు.

అల్యూమినియానికి గాలి తగిలిన క్షణంలో పైన ఆక్సైడు పొర పడుతుంది, ఆ పొర కరెంటుని పోనివ్వదు. రాగి వైరునీ అల్యూమినియం వైరునీ కలిపి మెలేస్తే, తడి చేరినప్పుడు అల్యూమినియం తినుకుపోతుంది. ఉద్దానం వైపు సముద్రపు గాలి ఉన్న తోటల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కీ, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకీ తెగిన వైర్లని ఆ తొందరలో మెలేసి టేపు చుట్టి వదిలేసి ఉంటే, వాటిని ఇప్పుడైనా విప్పి చూడాలి. జాయింటు వేసే తీరు ఇది: మెయిన్ ఆపి, వైరు కొసని సన్న గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, వెంటనే జాయింటు గ్రీజు రాసి, సైజుకి తగిన గొట్టంలో దూర్చి క్రింపింగ్ పనిముట్టుతో నొక్కాలి. రాగికీ అల్యూమినియానికీ అయితే రెండు లోహాల గొట్టమే వాడాలి. సుత్తితో కొట్టినదీ, కటింగ్ ప్లేయరుతో నొక్కినదీ క్రింపింగ్ కాదు.

జాయింటు బాగుందో లేదో మళ్లీ వోల్టులే చెబుతాయి. మంచి జాయింటు రెసిస్టెన్సు అంతే పొడవున్న వైరుది మించకూడదు. మీ వైరు 10 సెంటీమీటర్ల ముక్కకి 0.0012 ఓములు, 8 ఆంపియర్ల దగ్గర 0.01 వోల్టు. 0.38 ఓముల జాయింటు మీద అదే కరెంటుకి 3 వోల్టులు కనిపిస్తాయి. తేడా మూడు వందల రెట్లు కాబట్టి మామూలు మీటరైనా పట్టేస్తుంది. అయితే ఇది కరెంటు ఉండగా చేసే పని. పొడి నేల, పొడి చెప్పులు, మెయిన్ స్విచ్చి దగ్గర ఒక మనిషి లేకుండా చేయకండి. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

ఫేజు వైరులో తప్పా, న్యూట్రల్‌లో తప్పా తేల్చుకోవడానికి ఇంకో చక్కని ఉపాయం ఉంది. మీటరు దగ్గర న్యూట్రల్‌కి ఒక సన్న వైరు కట్టి తోట దాకా పరవండి. ఎంత సన్నదైనా పర్వాలేదు, దానిలో కరెంటు పోదు. మోటారు నడుస్తుండగా ఆ సన్న వైరు కొసకీ, స్టార్టరు దగ్గర న్యూట్రల్‌కీ మధ్య ఏసీ వోల్టులు చూడండి. వచ్చేది ఒక్క న్యూట్రల్ మీద పడిన వోల్టులే. రెండు వైర్ల మీదా నిజంగా పడేది 8 × 3.9 = 31 వోల్టులు. అందులో సగం, 15, 16 దగ్గరుంటే రెండూ సమానం. అక్కడ 19 చూపిస్తే న్యూట్రల్ జాయింటు, 12 చూపిస్తే ఫేజు జాయింటు విప్పండి.

ఇక మోటారు 3.8 ఓముల సంగతి. అది స్టార్టరు పెట్టె దగ్గర కొలిచింది కాబట్టి అందులో బోరు కేబులు కూడా ఉంది. 160 అడుగులంటే 49 మీటర్లు, పోనురాను 98. 2.5 స్క్వేర్ రాగి కేబులైతే దాదాపు 0.8 ఓములు (1.5 స్క్వేర్ వేసి ఉంటే 1.3). తీసేస్తే మోటారు లోపలి తీగ చుట్టకి (వైండింగుకి) మిగిలేది 3. ఇది తీగ రెసిస్టెన్సు, స్కూలు పుస్తకం నిరోధం అనేది. మోటారు నడుస్తున్నప్పుడు 198 ÷ 8 = 24.75 ఓములు ఎందుకు వచ్చిందంటే, అప్పుడు కరెంటుని ఆపుతున్నది తీగ ఒక్కటే కాదు. తిరుగుతున్న రోటరు వల్ల చుట్టలో ఎదురు వోల్టేజి పుడుతుంది, చుట్ట తాలూకు ఇండక్టెన్సు కూడా అడ్డుపడుతుంది. ఇవన్నీ కలిసిన అడ్డుని ఇంపిడెన్సు అంటారు. ఆ 24.75ని మల్టీమీటరు ఎప్పటికీ చూపించలేదు. మోటారు మీద వోల్టుల్ని ఆంపియర్లతో భాగించి వచ్చిందాన్ని రెసిస్టెన్సు అని పిలవకూడదు.

కాబట్టి 3.8 అనేది మోటారు పాడైందనడానికి సాక్ష్యం కాదు. చుట్ట బాగుందో లేదో చూడాలంటే మోటారు నుంచి వచ్చే మూడు వైర్లనీ (రన్నింగ్, స్టార్టింగ్, రెండిటికీ ఉమ్మడిగా ఉండే కామన్) రెండేసి చొప్పున మూడుసార్లు కొలిచి, ప్రతిసారీ కేబులు ఓములు తీసేయండి. రన్నింగ్‌కీ కామన్‌కీ మధ్య అన్నిటికన్నా తక్కువ, స్టార్టింగ్‌కీ కామన్‌కీ మధ్య అంతకన్నా ఎక్కువ, రన్నింగ్‌కీ స్టార్టింగ్‌కీ మధ్య ఆ రెండూ కలిపినంత రావాలి. మూడోది మొదటి రెండిటి మొత్తానికి సరిపోకపోతే తీగ ఎక్కడో తెగిందో, అంటుకుందో. ఆపైన ఎర్తు లీకు చూడటానికి 500 వోల్టుల మెగ్గరు (ఇన్సులేషన్ కొలిచే మీటరు) తెప్పించండి. ఒక మెగా ఓము కన్నా తక్కువ చూపిస్తే అప్పుడు మోటారునో కేబులునో అనుమానించాలి. 9 వోల్టుల బ్యాటరీ మల్టీమీటరు తడి ఇన్సులేషన్‌ని పట్టలేదు.

చల్లగా ఉన్నప్పటి ఓములు, వేడెక్కాక ఓములు ఒకటి కావని బల్బుతో చూడొచ్చు. 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు వెలుగుతున్నప్పుడు 230 × 230 ÷ 100 = 529 ఓములు. ఆరిన బల్బుని మీటరుతో చూస్తే 40 దగ్గర చూపిస్తుంది. రాడ్డు తీగ నైక్రోము కాబట్టి అందులో ఈ తేడా చాలా తక్కువ. అందుకే కొలతకి రాడ్డునే ఎంచుకోమన్నాను.

వాట్ల లెక్కకి వద్దాం. వోల్టులు × ఆంపియర్లు అన్న సూత్రం డీసీలోనూ, రాడ్డులోనూ నేరుగా వాట్లిస్తుంది. మోటారులో దాన్ని పవర్ ఫ్యాక్టరుతో కూడా గుణించాలి. 226 × 8 = 1808 అనేది మీటరు దగ్గర వోల్ట్ ఆంపియర్లు. అందులో వైరు తినేది 8 × 8 × 3.9 = 250 వాట్లు. స్టార్టరు నుంచి మోటారుకి పోయేది 198 × 8 × 0.9 = దాదాపు 1425 వాట్లు. ప్లేటు మీది 0.75 కిలోవాట్ మోటారు తీసుకునేది కాదు, షాఫ్టు దగ్గర ఇచ్చేది. హార్స్‌పవరంటే 746 వాట్లు, అదీ బయటకొచ్చే పనే. ఇలాంటి చిన్న సబ్‌మెర్సిబుల్ మోటార్లు తీసుకున్నదాంట్లో సగం కన్నా కాస్త ఎక్కువే పనిగా మార్చి, మిగతాది వేడిగా నీళ్లలో కలుపుతాయి. కాబట్టి 1400 వాట్ల దగ్గర తీసుకోవడం వింత కాదు. కాస్త ఎక్కువ, అంతే. ఆ ఎక్కువకి కారణం తక్కువ వోల్టేజి. పంపు బరువు తగ్గదు కాబట్టి వోల్టులు తగ్గితే మోటారు ఆంపియర్లు పెంచుకుంటుంది. 7.5 ఉండాల్సిన చోట 8 వచ్చింది అందుకే.

ఈ వాట్లు నిజమో కాదో మీ కరెంటు మీటరే చెబుతుంది. దాని మీద యూనిట్‌కి 3200 పల్సులు అని ఉందనుకోండి. ఇంట్లో అన్నీ ఆపి మోటారు ఒక్కటే నడుపుతూ ఎర్ర లైటు నిమిషంలో ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టండి. 89 సార్లయితే 89 × 60 ÷ 3200 = 1.67 కిలోవాట్లు. మోటారుది 1425, వైరుది 250, కలిపితే 1675. సరిపోయింది కదా. 1670ని 1808తో భాగిస్తే మీటరు దగ్గర పవర్ ఫ్యాక్టరు 0.92 అని కూడా తేలుతుంది. వాట్ మీటరు కొనకుండానే కచ్చితమైన వాట్లు తెలిసే మార్గం ఇది.

ఏ సూత్రం ఎక్కడన్నది కూడా వోల్టులు ఎవరివన్న దాని మీదే ఆధారపడుతుంది. వైరులో పోయే వేడికి ఆంపియర్ల వర్గం × ఓములు వాడండి, ఎందుకంటే వైరు మీద పడే వోల్టులు మనకి నేరుగా కనిపించవు. రాడ్డుకి వోల్టుల వర్గం ÷ ఓములు. 1500 వాట్ల రాడ్డు 230 ÷ 1500 × 230 = 35.3 ఓములు. అదే రాడ్డుని 198 వోల్టుల దగ్గర వాడితే 198 × 198 ÷ 35.3 = 1110 వాట్లే. 20 లీటర్ల బకెట్టుని 25 నుంచి 50 డిగ్రీలకి తేవడానికి 23 నిమిషాలు పట్టేది 31 పడుతుంది. యూనిట్లు మాత్రం రెండుసార్లూ 0.58 దగ్గరే. "లో వోల్టేజిలో బిల్లు తగ్గుతుంది" అన్నమాట రాడ్డు విషయంలో నిజం కాదు.

మూడు ఫేజుల వ్యవసాయ మోటారైతే 1.732 × 415 × ఆంపియర్లు × పవర్ ఫ్యాక్టరు. మూడు ఫేజుల్లోనూ ఆంపియర్లు విడివిడిగా చూడాలి, ఒకటి మిగతా రెండిటికీ దూరంగా ఉంటే ముందు దాని సంగతి తేల్చాలి.

సాయంత్రం గుంయ్‌మని ఆగిపోవడానికి లెక్క చూడండి. కదలకుండా ఉన్న మోటారు ప్లేటు ఆంపియర్లకి నాలుగింతలు లాగుతుందనుకుందాం, 30 ఆంపియర్లు. అంటే ఆ క్షణాన దాని ఇంపిడెన్సు 220 ÷ 30 = 7.3 ఓములు. దానికి ముందు 3.9 ఓముల వైరు. ఉజ్జాయింపుగా 226 ÷ 11.2 = 20 ఆంపియర్లు, మోటారుకి అందేది 147 వోల్టులు. కదిలే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది: 147 ÷ 220 = 0.67, దాని వర్గం 0.45. మామూలు బలంలో సగం కూడా లేదు. సాయంత్రం దీపాల వేళ మీటరు దగ్గరే 200కి దిగితే మోటారుకి 130, బలం మూడో వంతు. తిరగలేక 18 ఆంపియర్లు మింగుతూ నిలబడిపోతుంది, చుట్ట కాలేది అప్పుడే. (230కి 6 శాతం అటూ ఇటూ, అంటే 216 నుంచి 244 మధ్య మీటరు దగ్గర ఉండాలన్నది నియమం. అక్కడే 200 ఉంటే ఏ రోజు ఏ వేళ ఎంత ఉందో రాసుకుని, ఆ కాగితంతో ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో ఫిర్యాదు రాయించండి.)

ఇంకో సంగతి అడగలేదు గాని, మీ ఇంటి క్షేమానికి సంబంధించింది కాబట్టి చెబుతున్నాను. తోట చివర రెండు వైర్లూ అంటుకుంటే 226 వోల్టులు మొత్తం వైరు మీదే పడతాయి. 226 ÷ 3.9 = 58 ఆంపియర్లు మాత్రమే. సీ రకం 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట పడే స్విచ్చి) టక్కున పడాలంటే 100 నుంచి 200 ఆంపియర్లు కావాలి. 58 దగ్గర అది లోపలి పట్టీ వేడెక్కాకే పడుతుంది, కొన్ని సెకన్లు పట్టొచ్చు, నిమిషం దాకా కూడా పట్టొచ్చు. అంతసేపూ ఆ సన్న వైరులో 13 వేల వాట్లు కాలుతుంటాయి. పొడుగు వైరు ఎంసీబీకి కళ్లకు గంతలు కట్టినట్టే. వైరు మార్చినప్పుడు సీ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ, దానికి తోడు ఎర్తు లీకు అయితే కరెంటు ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టండి. ఎర్తు లీకు సాధారణంగా ఎంసీబీని పడగొట్టేంత ఉండదు, మనిషికి ప్రమాదమైంది అదే.

ఏ వైరు వేయాలి? 240 మీటర్ల పొడవుకి 2.5 స్క్వేర్ రాగి 1.78 ఓములు, 8 ఆంపియర్లకి 14 వోల్టులు పోతాయి, సరిపోదు. 6 స్క్వేర్ అల్యూమినియం 1.1 ఓములు, 9 వోల్టులు. 4 స్క్వేర్ రాగి కూడా సరిగ్గా అంతే. 10 స్క్వేర్ అల్యూమినియం 0.74, 6 వోల్టులు. మోటారు దగ్గర 5 శాతం మించి పోకూడదన్నది నా లెక్క, అంటే 11 వోల్టులు. కాబట్టి 6 అల్యూమినియంతో గట్టెక్కుతుంది. డబ్బు కుదిరితే 10 వేయండి, ఆ అదనం అంతా సాయంత్రం స్టార్టింగులో అక్కరకొస్తుంది. బిల్లు కోసం వైరు మార్చాలనుకుంటే మాత్రం పెద్దగా మిగలదు: రోజుకి 4 గంటల చొప్పున ఇప్పుడు వైరులో పోయేది నెలకి 30 యూనిట్లు, మార్చాక 8 లోపు. మార్చేది మోటారు కోసం.

కొలిచేటప్పుడు జరిగే తప్పుల్లో అన్నిటికన్నా చెడ్డది ఒకటి. మల్టీమీటరు ఎర్ర ప్రోబుని 10 ఆంపియర్ల రంధ్రంలో ఉంచి మర్చిపోయి, వోల్టులు చూద్దామని ఫేజుకీ న్యూట్రల్‌కీ పెట్టడం. ఆ రేంజిలో మీటరు ఒట్టి తీగ ముక్క, నేరుగా షార్టే. చౌక మీటరు చేతిలోనే పేలుతుంది. 600 వోల్టుల క్యాట్ మూడు అని రాసి ఉన్న మీటరే కొనండి. క్లాంపుని రెండు వైర్ల చుట్టూ కలిపి వేస్తే సున్నా చూపిస్తుంది, ఒక్క వైరు చుట్టూనే వేయాలి. కరెంటు మరీ తక్కువైతే ఆ వైరుని దవడలోంచి పదిసార్లు చుట్టి, వచ్చినదాన్ని పదితో భాగించండి.

కండెన్సరుని కూడా ఇదే వోల్టు, ఆంపియర్ల లెక్కతో చూడొచ్చు. మోటారు నడుస్తుండగా దాని ఒక వైరులో ఆంపియర్లు, దాని రెండు కొసల మధ్య వోల్టులు తీసుకోండి. ఆంపియర్లు × 3183 ÷ వోల్టులు = మైక్రోఫారడ్లు. 300 వోల్టులు, 3.4 ఆంపియర్లు వస్తే 36. కొసల మధ్య వోల్టులు సప్లై కన్నా ఎక్కువే ఉంటాయి, భయపడొద్దు. దాని మీద రాసినదాని కన్నా 10 శాతం తగ్గితే మార్చేయండి. ముట్టుకునే ముందు మెయిన్ ఆపి, కొసల మధ్య ఒక బల్బు హోల్డరు కలిపి ఖాళీ చేయండి.

పని వరస ఇలా పెట్టుకోండి: ముందు రాడ్డుతో కొలత, తరవాత జాయింట్లు విప్పి కొత్తవి వేసి మళ్లీ రాడ్డుతో కొలత, అది 3.1 దగ్గరకి వచ్చాక కండెన్సరు, ఆపైన వైరు మార్పు. 6 స్క్వేర్ వేశాక మోటారు నడుస్తుండగా మీటరు దగ్గర 226 ఉంటే స్టార్టరు దగ్గర 217 పైన కనిపించాలి, ఆంపియర్లు 7.5కి దిగాలి. 217 వచ్చి కూడా ఆంపియర్లు 8 దాటుతుంటే అప్పుడు తప్పు కిందే ఉంది, పంపులో ఇసుక పట్టిందో, బేరింగు అరిగిందో. ఆ రోజు మెకానిక్కుని పిలిచి మోటారు పైకి తీయించండి.